విలోమ సంబంధం చేర్చాక ఈఎల్‌కేలో సెకన్లు, హెర్మిట్‌లో గంటలు: ఎందుకు?

కొత్తశాఖ:
పరికరాల ఆంటాలజీ (తరగతులను, వాటి సంబంధాలను తర్కవాక్యాలుగా రాసిన నమూనా) ఇది, దాదాపు 4,000 తరగతులు. అంతా ఈఎల్ ప్రొఫైల్‌లో (ఓడబ్ల్యూఎల్ అనే ఆంటాలజీ భాషలో వేగం కోసం కుదించిన భాగం) ఉన్నన్నాళ్లూ, దాని కోసమే చేసిన ఈఎల్‌కే అనే రీజనర్ (ఏ తరగతి దేని కిందికి వస్తుందో వాక్యాల నుంచి తేల్చే ప్రోగ్రామ్) రెండు మూడు సెకన్లలో వర్గీకరించేసేది. తర్వాత ‘భాగం’ అనే ప్రాపర్టీకి (సంబంధానికి) ‘దేనిలో’ అని విలోమం, అంటే అదే సంబంధాన్ని అటునుంచి చూసేది, ప్రకటించి, దాని మీద ఓ 20 ఆక్సియంలు (నియమ వాక్యాలు) రాశాం. ‘గరిష్ఠంగా 3’ తరహా పరిమితులూ కొన్ని ఉన్నాయి. ఇప్పుడు కూడా ఈఎల్‌కే సెకన్లలోనే ముగిస్తోంది కానీ లాగ్‌లో హెచ్చరికలు వస్తున్నాయి. ఈఎల్ దాటినవాటినీ చూసే హెర్మిట్ అనే రీజనర్ మూడు గంటలైనా తేల్చడం లేదు.

ఈఎల్‌కే ఇచ్చిన జవాబు నమ్మవచ్చా? ఓడబ్ల్యూఎల్ 2 డీఎల్ (భాష పూర్తి రూపం) ఎలాగూ ఎన్2ఎక్స్‌ప్‌టైమ్ (చెత్త సందర్భంలో పని రెండంతస్తుల ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరిగే స్థాయి) అంటారు కదా, మరి ఏది తీస్తే భారం తగ్గుతుందో ముందే పసిగట్టే దారేమైనా ఉందా?

తర్కమిత్ర:
ఈఎల్‌కే చెప్పినవన్నీ నిజాలే. చెప్పనివి మాత్రం అబద్ధాలని అనుకోవద్దు. తనకు చేతకాని ఆక్సియంను అది పక్కన పెట్టి మిగతావాటితో పని కానిస్తుంది. తక్కువ ఆక్సియంల నుంచి వచ్చిన ఫలితం మొత్తం ఆంటాలజీలోనూ చెల్లుతుంది కాబట్టి తప్పు జవాబు రాదు, కొన్ని జవాబులు రాకుండా పోతాయి. ఆ హెచ్చరికలు చెప్పేది అదే.

ఏం పోతుందో మీ ఆంటాలజీ లాంటి చిన్న ముక్కతోనే చూడండి (⊑ అంటే ‘దాని కిందికి వస్తుంది’, ∃భాగం.వాల్వు అంటే ‘వాల్వు ఒక భాగంగా ఉన్నది’, ⊓ అంటే ‘మరియు’):

పంపు ⊑ ∃భాగం.వాల్వు
ఆమ్లపంపు ⊑ పంపు
∃దేనిలో.ఆమ్లపంపు ⊑ ఆమ్లనిరోధకం
∃భాగం.(వాల్వు ⊓ ఆమ్లనిరోధకం) ⊑ ప్రత్యేకపరికరం

విలోమం లెక్కలోకి వస్తే ఆమ్లపంపు తప్పకుండా ప్రత్యేకపరికరం కిందికి రావాలి. ఈఎల్‌కే విలోమ ప్రకటనను వదిలేస్తుంది కాబట్టి దానికి ‘భాగం’, ‘దేనిలో’ రెండూ సంబంధం లేని ప్రాపర్టీలు. ఆ వర్గీకరణ రాదు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఈఎల్‌లో ప్రతి తరగతికీ ఒక్క ప్రతినిధి చాలు. ఎన్ని పంపులు వాల్వును అడిగినా అందరికీ అదే వాల్వును చూపించవచ్చు, ఎందుకంటే తనను ఎవరు అడిగారన్నది వాల్వుకు తెలియనక్కరలేదు. ప్రతినిధులు తరగతులన్ని, ఒక్కో ప్రాపర్టీకి వాటి మధ్య గీతలు ఆ సంఖ్య వర్గానికి మించవు. పీటైమ్ (పని బహుపదిలా అదుపులోనే పెరిగే స్థాయి) అందుకే సాధ్యమైంది. విలోమం వచ్చాక సమాచారం కింది నుంచి పైకే కాక పై నుంచి కిందికీ పారుతుంది. ఆమ్లపంపులోని వాల్వు వేరు, నీటిపంపులోని వాల్వు వేరు. కాబట్టి ప్రతినిధి తరగతికొకటి కాదు, తరగతుల సమితికొకటి కావాలి. కలగలిసే షరతులు 20 ఉంటే ఆ సమితులు 2^20, అంటే 10,48,576 దాకా పోవచ్చు. ఈఎల్‌కు విలోమం ఒక్కటి కలిపితే చాలు, వర్గీకరణ ఎక్స్‌ప్‌టైమ్-కంప్లీట్ అవుతుంది, అంటే చెత్త సందర్భంలో పని ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరగక తప్పదు. ‘లేదా’ అనే మాట ఎక్కడా లేకుండానే ఇంత పని జరుగుతుంది.

అయితే 20 షరతులు ఉన్నంత మాత్రాన పది లక్షల సమితులూ నిజంగా పుడతాయని కాదు. వాస్తవ ఆంటాలజీల్లో పుట్టేవి కొన్నే. 2009లో కజకోవ్ అనే పరిశోధకుడు హార్న్-షిక్ (విలోమాలుండి, ‘లేదా’ లాంటివి లేని తర్కభాష) కోసం ప్రతిపాదించిన కాన్సిక్వెన్స్ ఆధారిత పద్ధతి గాలెన్ అనే పెద్ద వైద్య ఆంటాలజీ పూర్తి రూపాన్ని వర్గీకరించగలిగింది సరిగ్గా ఇందుకే: అవసరపడిన సమితులనే పుట్టిస్తుంది. విలోమాలు ఉంచుకోవాలంటే ఈ తరహా రీజనర్ వెతకండి. లేదంటే పైనున్న మూడో వాక్యం తీసేసి ‘ఆమ్లపంపు ⊑ ∃భాగం.(వాల్వు ⊓ ఆమ్లనిరోధకం)’ అని నేరుగా రాయండి. ఇరవై ఆక్సియంలే కాబట్టి ఒక పూట పని, ‘గరిష్ఠంగా’ పరిమితులు పక్కన పెడితే మళ్లీ ఈఎల్‌లోకి వచ్చేస్తారు. ఆమ్లపంపులోని ప్రతి భాగమూ నిరోధకమే అన్న సాధారణ నియమం మాత్రం పోతుంది. అది మీకు ముఖ్యమా కాదా అన్నది మీరే తేల్చుకోవాలి.

అంచునోడ్:
విలోమాల గురించి తర్కమిత్ర గారు చెప్పింది సరే. నా అనుమానం ఆ ‘గరిష్ఠంగా 3’ మీద.

ఒక తరగతికి పది రకాల భాగాలు ఉండాలని చెప్పి, గరిష్ఠంగా 3 అని కూడా అన్నారనుకోండి. రీజనర్ ముందు పది నోడ్లు (ఊహా వస్తువులు) పుట్టించి, తర్వాత వాటిని మూడుకు మించకుండా కలపాలి. పదింటిని ఒకటి, రెండు లేదా మూడు గుంపులు చేసే పద్ధతులు 1 + 511 + 9,330, మొత్తం 9,842. ‘గరిష్ఠంగా 3 వాల్వులు’ అని తరగతి పేరు పెట్టి రాస్తే ఇంకో చిక్కు: ప్రతి నోడూ వాల్వు అవునా కాదా అని ముందు ఊహించాలి, అది 2^10. ఇదంతా ఒక్క నోడు దగ్గర. వాల్వు కింద మళ్లీ ఇలాంటి పరిమితే ఉంటే ఒకదానితో ఒకటి గుణించుకుంటాయి.

దీనికి మంచి విరుగుడు డిస్‌జాయింట్ ప్రకటనలు. మోటారు, వాల్వు, సీలు వేర్వేరని చెప్పకపోతే రీజనర్ వాటిని కలిపి చూస్తూనే ఉంటుంది. చెబితే ఆ కొమ్మ మొదట్లోనే తెగిపోతుంది. ఆక్సియం చేర్చితే వేగం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు కానీ, ఇక్కడ పెరుగుతుంది. ఆక్సియంలు తీసేస్తూ వేగం కొలిచేటప్పుడు ఈ సంగతి మరిచిపోతే తప్పుడు నిర్ధారణకు వస్తారు.

ఇంకొకటి చూసుకోండి. ‘భాగం’ను ట్రాన్సిటివ్ (భాగానికి భాగం కూడా భాగమే) అని ప్రకటించారా? అలాంటి ప్రాపర్టీ మీద గానీ దాని విలోమం మీద గానీ సంఖ్యా పరిమితి పెట్టకూడదు. పెట్టనిస్తే సమస్య అనిర్ణేయమవుతుంది (అన్ని సందర్భాల్లోనూ తేల్చే ప్రోగ్రామ్ ఉండదు) కాబట్టే ఓడబ్ల్యూఎల్ 2 డీఎల్ దాన్ని నిషేధించింది, హెర్మిట్ కూడా లోడ్ చేసేటప్పుడే ఎర్రర్ ఇస్తుంది. ‘నేరుగా_భాగం’ అని ట్రాన్సిటివ్ కాని ఉప-ప్రాపర్టీ పెట్టి, పరిమితులన్నీ దాని మీదే రాయడం అలవాటైన దారి.

ఎక్కడ ఇరుక్కుందో కనుక్కోవడానికి:

ముందు రోబోట్ అనే ఆంటాలజీ సాధనంలోని వాలిడేట్-ప్రొఫైల్ ఆదేశంతో ఈఎల్ ప్రొఫైల్ దాటిన ఆక్సియంల జాబితా తీయండి. వాటిని విలోమాలు, సంఖ్యా పరిమితులు, ‘లేదా’లు, ‘కాదు’లు అని గుంపులు చేయండి. ఒక్కో గుంపు తీసేసి పది నిమిషాల గడువుతో నడపండి. నడుస్తున్నప్పుడు మెమరీ చూడండి. అది పెరుగుతూనే ఉంటే చాలావరకు మోడల్ (రీజనర్ కట్టుకునే నోడ్ల నమూనా) ఉబ్బుతోందని అర్థం, విలోమాలను అనుమానించాలి. మెమరీ నిలకడగా ఉండి సీపీయూ మాత్రం నిండుగా ఉంటే కొమ్మలు మార్చి మార్చి వెనక్కి వస్తోందని అర్థం, అప్పుడు ‘లేదా’, ‘గరిష్ఠంగా’ వైపు చూడాలి.

ఎడమవైపు పేరు కాకుండా సంక్లిష్ట వ్యక్తీకరణ ఉన్న ఆక్సియంలను కూడా ఓసారి చూడండి. ట్యాబ్లో పద్ధతిలో (నోడ్లు పుట్టిస్తూ నమూనా కట్టి చూసే పద్ధతి) ‘ఎడమ ⊑ కుడి’ అంటే ప్రతి నోడు దగ్గరా ‘ఎడమ కాదు, లేదా కుడి’ అని తేల్చడమే. అబ్సార్ప్షన్ (ఇలాంటి ఆక్సియంలను ఎంపిక అక్కర్లేని రూపంలోకి ముందే మార్చే కిటుకు) లొంగదీసుకున్నవి పోగా మిగిలినవి 30 ఉంటే ఒక్కో నోడుకే 2^30 ఎంపికలు. ఏఎల్‌సీ అనే మౌలిక తర్కభాషలో ఇలాంటి సాధారణ ఆక్సియంలు లేకపోతే పీస్పేస్ (బహుపది మెమరీ చాలు), ఉంటే ఎక్స్‌ప్‌టైమ్ అన్న తేడా కాగితం మీది మాట కాదు.

కొత్తశాఖ:
ఇద్దరికీ ధన్యవాదాలు. ‘భాగం’ ట్రాన్సిటివే, కానీ పరిమితులు వేరే ప్రాపర్టీ మీద ఉన్నాయి. ఇంకో సందేహం: దీనికి ఐదు లక్షల ఇండివిడ్యువల్స్ (తరగతులు కాదు, విడి వస్తువులు) జోడించాలి. ఈ లెక్కలన్నీ వాటికీ వర్తిస్తాయా?

శూన్యసమితి:
వర్తించవు. అక్కడ చూడాల్సింది డేటా కాంప్లెక్సిటీ, అంటే ఆంటాలజీని స్థిరంగా ఉంచి డేటా ఒక్కటే పెరిగితే పని ఎంత పెరుగుతుందన్నది. షిక్‌లో (విలోమాలు, ట్రాన్సిటివ్ ప్రాపర్టీలు, సంఖ్యా పరిమితులు, ‘లేదా’ అన్నీ ఉండే తర్కభాష) అది కో-ఎన్‌పీ-కంప్లీట్, అంటే కష్టమైనదే. ‘లేదా’ లాంటివి లేని హార్న్-షిక్‌లో, విలోమాలున్నా సరే, పీటైమ్‌కు దిగుతుంది. డేటా ప్రశ్నల కోసమే కుదించిన డీఎల్-లైట్‌లో ఏసీ0 (ఇంకా చాలా తేలిక స్థాయి), అంటే ప్రశ్నను ఎస్‌క్యూఎల్‌గా తిరగరాసి మామూలు డేటాబేస్‌కే అప్పగించవచ్చు. ఐదు లక్షల ఇండివిడ్యువల్స్‌ను హెర్మిట్‌కు ఇవ్వకండి.

ఈఎల్‌ను అలా రికర్షన్ (తనను తానే పిలుచుకోవడం) లేని మామూలు ఎస్‌క్యూఎల్‌గా మార్చలేం. ‘∃భాగం.లోపభూయిష్టం ⊑ లోపభూయిష్టం’ అన్న ఒక్క వాక్యం చాలు: లోపం ఎన్ని అంచెల కింద ఉన్నా పైకి రావాలి, దానికి రికర్షన్ కావాలి. మీకు ఇలాంటివి ఉంటే డేటాలాగ్ (రికర్షన్ ఉన్న నియమాల భాష) ఇంజిన్ గానీ, నియమాలతో నడిచే ఓడబ్ల్యూఎల్ 2 ఆర్ఎల్ ప్రొఫైల్ గానీ నయం. అయితే ఆర్ఎల్ కొత్త ఇండివిడ్యువల్‌ను ఊహించదు. ‘ప్రతి పంపుకూ ఒక వాల్వు ఉంటుంది’ అన్నది కుడివైపు రాయలేరు.

డీఎల్-లైట్‌లోనూ ఒక గుంత ఉంది. ఏసీ0 అన్నది డేటా లెక్క, తిరగరాసిన ప్రశ్న సైజు లెక్క కాదు. ఆరు షరతుల ప్రశ్నలో ఒక్కో షరతుకూ పది ప్రత్యామ్నాయ తరగతులుంటే, విడదీసి రాసిన యూనియన్‌లో 10^6 ప్రశ్నలు పడతాయి. డేటాబేస్ దాన్ని పార్స్ చేయడానికే ఇబ్బంది పడుతుంది. ఒక్కో తరగతికి ఒక వ్యూ (డేటాబేస్‌లో పేరు పెట్టి దాచిన ప్రశ్న) కట్టి ప్రశ్నను వాటి మీద నడిపితే ఆరు వ్యూల జాయిన్‌తో సరిపోతుంది.

చివరగా, మొదటి పోస్టులోని ఎన్2ఎక్స్‌ప్‌టైమ్ గురించి. అది స్రోయిక్ (ఓడబ్ల్యూఎల్ 2 డీఎల్ వెనకున్న తర్కభాష) మొత్తానికి, 2008 నాటి ఫలితం. అందులో ఒక ఎక్స్‌పొనెన్షియల్ ప్రాపర్టీ చెయిన్ల (ఒకదాని వెంట ఒకటి వచ్చే ప్రాపర్టీలను ఇంకో ప్రాపర్టీగా చెప్పేవి) వల్ల వస్తుంది. అవి లేని షోయిక్ ఎన్ఎక్స్‌ప్‌టైమ్, అక్కడ నామినల్స్ (ఒక ఇండివిడ్యువల్‌నే తరగతిగా వాడటం), విలోమం, సంఖ్యా పరిమితులు మూడూ కలవడం వల్ల ఆ స్థాయి. నామినల్స్ కూడా తీసేస్తే షిక్, ఎక్స్‌ప్‌టైమ్. మీ వర్ణన చూస్తే మీరు షిక్‌లోనే ఉన్నారు. ‘వన్-ఆఫ్’తోనో ‘హ్యాజ్-వాల్యూ’తోనో ఒక ఇండివిడ్యువల్‌ను తరగతి నిర్వచనంలోకి లాగితే మాత్రం పైమెట్టు ఎక్కేస్తారు. తయారీదారు పేరును ఇండివిడ్యువల్‌గా పెట్టి నిర్వచనంలో వాడటం చాలా చోట్ల కనిపిస్తుంది. దాన్ని ఒక తరగతిగా మార్చి ‘∃తయారీదారు.ఫలానా_తరగతి’ అని రాస్తే చాలా వాడకాలకు సరిపోతుంది.