హేజెల్‌నట్ కాఫీ గింజలు హోల్30లో తాగొచ్చా?

ప్రశ్న: డల్లాస్‌లో ఉంటాను. హోల్30 అనే 30 రోజుల ఆహార నియమం మొదలుపెట్టి 9 రోజులైంది. పాలు, పంచదార, అన్నం, పప్పు అన్నీ మానేశాను. పొద్దున్నే బ్లాక్ కాఫీ ఒక్కటే ఊరట. ఇంట్లో హేజెల్‌నట్ ఫ్లేవర్ కాఫీ గింజల ప్యాకెట్ ఉంది. వెనక ‘సహజ, కృత్రిమ ఫ్లేవర్లు’ అని మాత్రమే రాశారు. తాగొచ్చా అండీ?

జవాబు: అందులో మామూలుగా హేజెల్‌నట్ ఉండదండీ. గింజలు వేయించాక ఫ్లేవర్ నూనె పట్టిస్తారు. దాన్ని కలపడానికి చాలాసార్లు ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవ రసాయనం వాడతారు. పంచదార లేకపోయినా అది వంటింటి వస్తువు కాదు కదా. నేనైతే ముట్టను. అరకు గింజలు దొరికితే తెచ్చుకుని, పొడి చేసేటప్పుడు రెండు యాలకులు వేయండి. నాకైతే ప్రాణం లేచొచ్చింది.

మరో జవాబు: గ్రైండర్ కూడా బాగా తుడవండి. మా ఇంట్లో ఆ వాసన వారాల తరబడి పోలేదు.

అడిగినవారు: థాంక్సండీ. యాలకులతో ఈ పొద్దున తాగాను. పాలు గుర్తు రాలేదు.