అప్‌డేట్: ప్రింటర్‌కు మెమరీ వేశాక సగం పేజీ బాధ తీరింది

తిరుపతిలో మా ఆఫీసు లేజర్ ప్రింటర్, స్కాన్ చేసిన లేఅవుట్ ప్లాన్లు పంపితే సగం పేజీ దగ్గర 'మెమరీ ఫుల్' అని ఆగిపోతోందని అడిగాను కదా. మెమరీ పెంచితే చాలన్నవాళ్లు, కొత్తది కొనమన్నవాళ్లు ఇద్దరూ ఉన్నారు. మెమరీ పెంచాం, సరిపోయింది.

లేజర్ ప్రింటర్ పేజీ మధ్యలో ఆగి డేటా కోసం ఎదురుచూడలేదు. డ్రమ్ (పేజీ బొమ్మ ఏర్పడే గుండ్రటి రోలర్) తిరగడం మొదలైతే డేటా అందుతూనే ఉండాలి, అందుకే పేజీని మెమరీలో సిద్ధంగా ఉంచుకోవాలి. ఏ4 పేజీ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు), నలుపు తెలుపు చుక్కలుగానే, 4 ఎంబీ పైన ఉంటుంది. 1200 డీపీఐ పెడితే దానికి నాలుగింతలు. ఫాంట్లు, పెద్ద బొమ్మలు దానికి అదనం. మా ప్లాన్లన్నీ బొమ్మలే మరి!

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పదు: పాత ల్యాప్‌టాప్ ర్యామ్ తీసి పెట్టకండి. ల్యాప్‌టాప్ డీడీఆర్2 ర్యామ్‌కు 200 పిన్లు, మా ప్రింటర్‌కు కావలసింది 144 పిన్ల రకం. మాన్యువల్‌లో పార్ట్ నంబర్ చూసే తెప్పించాం. పవర్ కేబుల్ పీకేసి, ఒంట్లోని స్టాటిక్ కరెంట్ పోయేలా చేతిని ఇనుప భాగానికి తాకించాకే మెమరీ పెట్టే స్లాట్ ముట్టుకున్నాం. తర్వాత కాన్ఫిగరేషన్ పేజీ (ప్రింటర్ తన వివరాలు అచ్చేసే పేజీ) తీస్తే కొత్త మెమరీ లెక్క కనబడింది.

విండోస్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్, డివైస్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి మెమరీ అంకె మార్చడం కూడా అయింది. రెండో ట్రే బిగించినా అక్కడే చూపించాలి, లేదంటే డ్రైవర్‌లో (ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్‌లో) ఆ ట్రే కనబడకపోవచ్చు. ట్రే ఇంకా కొనలేదు, లీగల్ సైజు కాగితం కోసం అదీ కావాలి.

సలహా ఇచ్చిన అందరికీ నిజంగా చాలా థాంక్స్, కొత్త ప్రింటర్ ఖర్చు తప్పింది.