బారాలాచా ఎక్కలేక వెనక్కి వచ్చేశాం: పాత టర్బో డీజిల్, పికప్ మొత్తం పోయింది

కరీంనగర్_రోడ్డు:
అన్నలూ, కాస్త తొందరగా చెప్పండి, మనాలి–లేహ్ దారిలో బారాలాచా కనుమ ఎక్కలేక జిస్పాలో చిక్కుకుపోయాం. బండి 2010 మోడల్ 2.2 లీటర్ల డీజిల్ ఎస్‌యూవీ, వేరియబుల్ టర్బో (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టేది, బ్లేడ్ల కోణం మారే రకం), 1,85,000 కిలోమీటర్లు తిరిగింది. హైదరాబాద్ నుంచి మనాలి దాకా వంక పెట్టడానికి ఏమీ లేదు. మనాలి ఘాట్‌లో కొంచెం బరువుగా అనిపించింది కానీ ఎత్తు కదా అనుకున్నాం. అటల్ టన్నెల్ దాటి, తాండి బంకులో ట్యాంకు నింపుకుని (తర్వాతి బంకు 365 కిలోమీటర్లకని అక్కడ బోర్డు) దార్చా దాటామో లేదో బండి లాగడం మానేసింది. జింగ్‌జింగ్‌బార్ దగ్గర మలుపుల్లో ఫస్ట్ గేర్ తప్ప ఏదీ పడలేదు, ఆక్సిలరేటర్ నేలకి తొక్కినా 1,800 ఆర్‌పీఎం దాటదు, వెనక నల్ల పొగ, లోపల క్లచ్ వాసన. ఇద్దరు దిగి నడిచారు. మా బావగారికి అప్పటికే తలనొప్పి, ఆయన మొహం చూసి బండి వెనక్కి తిప్పేశాను.

ఇంజన్ లైట్ వెలుగుతోంది, ఆపి స్టార్ట్ చేస్తే పోతుంది, ఐదు నిమిషాలకు మళ్లీ హాజరు. దారిలో ఒక మెకానిక్ ఎయిర్ ఫిల్టర్ దులిపి, డీజిల్ కల్తీదని తేల్చి 800 పట్టుకున్నాడు. అన్నట్టు బ్రేక్ కూడా రెండు రోజులుగా గట్టిగా తగుల్తోంది, ప్యాడ్లు అరిగినట్టున్నాయి, అది లేహ్‌లో చూసుకుంటా. బ్లూటూత్ స్కానర్ ఉంది కానీ అందులో ఏం చూడాలో తెలీదు. ఇది ఎత్తు వల్లేనా, లేక టర్బో పోయిందా?

రెండుసార్లు_లేహ్:
టెన్షన్ పడకు బ్రో, ఎత్తే. అక్కడ ఎవరి బండైనా మొరాయిస్తుంది. నేను 1.2 పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్‌తో, టర్బో కూడా లేకుండా, అదే బారాలాచా ఎక్కాను, ఎక్కువ ఫస్ట్ గేర్, అక్కడక్కడా సెకండ్. హాఫ్ క్లచ్ మీద నిలబెట్టకు, సామాను తగ్గించు, పొద్దున్నే బయల్దేరు, మధ్యాహ్నమైతే మంచు కరిగి నాలాలు పొంగుతాయి.

ఆటోనగర్_డీజిల్:
పైన ఆయన ఎత్తే కారణం అంటూ, అది కాదని సాక్ష్యం కూడా ఆయనే చెప్పాడు. టర్బో లేని చిన్న పెట్రోల్ బండి ఎక్కిన చోట 2.2 టర్బో డీజిల్ ఎక్కలేదంటే అది ఎత్తు తప్పు కాదు తమ్ముడూ. టర్బో లేని ఇంజన్‌కి సుమారుగా వెయ్యి మీటర్లకు పది శాతం బలం పోతుంది, అంటే జింగ్‌జింగ్‌బార్ దగ్గర యాభై అయిదు శాతమైనా మిగలాలి. టర్బో ఉంటే అంతకన్నా బాగుండాలి. నీ బండి అంతకన్నా అన్యాయంగా ఉందంటే టర్బో తిరుగుతున్నా పని చేయడం లేదు.

నాకు అనుమానం వచ్చింది నువ్వు పక్కకు తోసేసిన మాట దగ్గర. బ్రేక్ గట్టిగా ఉందన్నావు. ప్యాడ్లు అరిగితే పెడల్ అంత గట్టిపడదు, అది బ్రేక్‌కి సాయం చేసే వాక్యూమ్ తగ్గిన గుర్తు. ఆ కాలం వేరియబుల్ టర్బోల్లో చాలావాటికి బ్లేడ్లను తిప్పే యాక్చుయేటర్ కూడా వాక్యూమ్‌తోనే పనిచేస్తుంది, రెండింటికీ పంపు ఒక్కటే. సన్న రబ్బరు పైపు ఎక్కడో పగిలి గాలి పీలుస్తుంటే బ్లేడ్లు తెరుచుకునే ఉండిపోతాయి, బూస్ట్ (టర్బో నెట్టే అదనపు గాలి) రాదు.

మరి హైదరాబాద్‌లో ఎందుకు తెలియలేదంటావా? వాక్యూమ్ అంటే లోపల ఏదో లాగడం కాదు, బయటి గాలి నెట్టడం. మన దగ్గర బయట 950 మిల్లీబార్ల గాలి ఉంది, పంపు పాతదైనా, పైపు కొంచెం కారినా, యాక్చుయేటర్ రాడ్‌ని లాగడానికి సరిపడా మిగులుతుంది. బారాలాచా మీద ఉన్న గాలే 550 మిల్లీబార్ల చిల్లర. కొత్త పంపైనా అంతకుమించి లాగలేదు. సిస్టం బాగుంటే అదీ చాలు, కానీ లీకు ఉంటే ఆ కాస్తా లీకుకే పోతుంది. ఇలాంటి బళ్లు మన షెడ్డుకు వస్తే ఏ లోపమూ కనపడదు, కస్టమర్‌దే పొరపాటని పంపేస్తాం, నేనూ పంపాను.

ముందు బ్రేక్ చూడు. ఇంజన్ ఆపి పెడల్ నాలుగైదుసార్లు తొక్కు, గట్టిపడుతుంది. కాలు అలాగే ఉంచి స్టార్ట్ చెయ్, పెడల్ కిందికి దిగాలి. దిగకపోతే ఆ బండితో ఘాట్ దిగొద్దు, ముందు అది బాగుచేసుకో. తర్వాత బానెట్ ఎత్తి టర్బో పక్కనున్న యాక్చుయేటర్ రాడ్ చూడు. స్టార్ట్ చేయగానే అది సెంటీమీటరు దాకా కదలాలి, ఆపితే వెనక్కి రావాలి. కదలకపోతే ఇంజన్ ఆపి, చల్లారాక పైపు పీకి నోటితో పీల్చి నాలుకతో మూసిపట్టు. పట్టు నిలిస్తే యాక్చుయేటర్ మంచిదే, లీకు పంపు వైపు.

డెన్వర్_తెలుగోడు:
అన్నగారి మాట కాదనను, కానీ నా ఓటు ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే గాలిని చల్లబరిచేది) పైపుకి. నా 2004 టర్బో పెట్రోల్ సెడాన్ డెన్వర్‌లో (ఇదే 1,600 మీటర్లు) బాగానే ఉండేది, ఐ-70 మీద ఐసెన్‌హోవర్ టన్నెల్ ఎక్కేటప్పుడు, అంటే 3,400 మీటర్ల దగ్గర, ట్రక్కులు కూడా నన్ను దాటిపోయేవి. చూస్తే ఇంటర్‌కూలర్ తర్వాతి రబ్బరు ఎల్బో చీలింది, కింద ఆయిల్ తడి. కింద ఉన్నప్పుడు టర్బో ఇంకాస్త వేగంగా తిరిగి ఆ లీకును కప్పేస్తుంది, పైకి వెళ్లాక ఆ వెసులుబాటు ఉండదు. నల్ల పొగ అంటున్నారు కాబట్టి పైపుల క్లిప్పులన్నీ తడిమి చూడండి.

పెట్రోల్ టర్బో వాళ్లకు ఒక మాట: ఇక్కడ కొండ ఊళ్లలో రెగ్యులర్ అంటే 85 ఆక్టేన్. పాత టర్బోకి అది పోస్తే నాకింగ్ (ఇంజన్ లోపల టకటక కొట్టుకోవడం) రాకుండా ఈసీయూ, అంటే ఇంజన్ కంప్యూటర్, స్పార్క్‌ను ఆలస్యం చేస్తుంది, పికప్ పోతుంది. ఈ సరదా నాకు రెండేళ్లు తెలియలేదు.

స్కానర్‌లో ఒక్క మ్యాప్ సెన్సార్ (ఇంజన్‌లోకి వెళ్లే గాలి పీడనం చూపేది) చాలు. తాళం ఆన్ చేసి, ఇంజన్ స్టార్ట్ చేయకుండా చూడండి. అప్పుడు అది బయటి గాలి పీడనమే చూపాలి, జిస్పాలో 68–70 కిలోపాస్కల్. 95 చూపిస్తే సెన్సారే అబద్ధం చెబుతోంది. సరిగ్గా ఉంటే పక్కన ఒకరిని కూర్చోబెట్టి సెకండ్ గేర్‌లో ఎత్తు మీద ఫుల్‌గా తొక్కి ఎంతకి ఎక్కుతుందో చూడమనండి. కోడ్ పీ0299 వస్తే బూస్ట్ తక్కువని అర్థం, ఎందుకు తక్కువో మాత్రం కోడ్ చెప్పదు.

కరీంనగర్_రోడ్డు:
చూశాను. కోడ్ పీ0299. తాళం ఆన్‌లో మ్యాప్ 69, ఫుల్‌గా తొక్కితే 78, అంతే! బ్రేక్ పెడల్ స్టార్ట్ చేశాక దిగింది కానీ చాలా నెమ్మదిగా. యాక్చుయేటర్ రాడ్ వణికింది తప్ప కదల్లేదు. పైపు పీకి పీల్చాను (నోరంతా గ్రీజు), పట్టు నిలిచింది. ఇంటర్‌కూలర్ క్లిప్పులన్నీ బిగువుగానే ఉన్నాయి, ఆయిల్ తడి లేదు. వాక్యూమ్ పైపు వెంబడి వెళ్తే ఒక టీ (T ఆకారపు) జాయింట్ దగ్గర వేడికి అప్పడంలా ఎండిపోయి పొడుగునా చీలింది, ఇంజన్ ఆన్‌లో ఉంటే సన్నగా సుయ్‌మంటోంది. ఇప్పుడేం చేయను, ఇక్కడ ఏ షాపూ లేదు.

ఆటోనగర్_డీజిల్:
చీలినంత మేర కోసెయ్, మెత్తగా ఉన్న చోటు నుంచి మళ్లీ టీకి ఎక్కించి జిప్ టై బిగించు. పైపు కురచై లాగినట్టుంటే సైకిల్ షాపు దాకా పోనక్కర్లేదు, వైపర్ నీళ్ల పైపు ముక్క పనికొస్తుందేమో చూడు, కానీ వేడికి దూరంగా ఉన్న చోటే పెట్టు. పెట్టాక బ్రేక్ పరీక్ష మళ్లీ చెయ్యకుండా కదలకు.

కరీంనగర్_రోడ్డు:
లేహ్ నుంచి రాస్తున్నా, మధ్యలో సిగ్నల్ లేక ఆలస్యం. అంగుళం కోసి బిగించాను, వైపర్ పైపు జోలికి పోలేదు. జిస్పాలోనే మ్యాప్ 78 నుంచి 150కి వెళ్లింది, బ్రేక్ వెన్నలా అయింది. బారాలాచా సెకండ్ గేర్‌లో ఎక్కాం, 5,328 మీటర్ల తంగ్లాంగ్ లా కూడా. 2,000 ఆర్‌పీఎం లోపు ఇప్పటికీ ముసలి ఎద్దే, ఆపి బయల్దేరాలంటే ఏడుపొస్తుంది, కానీ ఆ పైన లాగుతోంది, లైట్ మళ్లీ రాలేదు. ఇక్కడ కొత్త పైపు వేయించాను. పనిలో పనిగా బ్రేక్ ప్యాడ్లు విప్పి చూపించా అన్నా, ఇంకా సగం పైనే ఉన్నాయట.