15 గంటల విమానం దిగాక 95 నిమిషాల కనెక్షన్: తీసుకోవాలా, వద్దా?

సముద్రపుగాలి:
అమ్మానాన్నలు మొదటిసారి అమెరికా వస్తున్నారు. 15 గంటల విమానం దిగి, షికాగో ఓహేర్‌లో మారి, నేనుండే ఊరికి చిన్న విమానం ఎక్కాలి. కంపెనీ ఒకటే, టికెట్ ఒకటే. కనెక్షన్‌కి రెండు ఆప్షన్లు చూపిస్తోంది. మొదటిది దిగిన 95 నిమిషాలకు. రెండోది 4 గంటల 40 నిమిషాలకు, ఆ రోజుకి అదే ఆఖరి విమానం. ధరలో తేడా లేదు.

ఇంట్లో రెండు పక్షాలయ్యాం. "సరిపోదనుకుంటే కంపెనీ ఆ టికెట్ అమ్మేదే కాదు, అంతసేపు వాళ్లని కుర్చీల్లో కూర్చోబెట్టడం ఎందుకు" అంటాడు తమ్ముడు. నాకేమో 95 నిమిషాలంటేనే టెన్షన్‌గా ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు. నాన్న ఇంగ్లీషు చదువుతారు గానీ ఎదుటివాళ్లు గబగబా మాట్లాడితే అందుకోలేరు. మీరైతే ఏది తీసుకుంటారు? ఎందుకో కూడా చెప్పండి.

నిదానం:
రెండోదే. అమెరికాలో మొదట దిగిన ఎయిర్‌పోర్టులోనే ఇమిగ్రేషన్, కస్టమ్స్ పూర్తవ్వాలి. కొద్ది మినహాయింపులు తప్పిస్తే, చివరి ఊరిదాకా ట్యాగ్ వేసిన పెట్టెల్ని కూడా అక్కడ బెల్టు మీంచి దించుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ అప్పగించాలి. ఓహేర్‌లో బయటి దేశాల విమానాలు ఎక్కువగా 5వ టెర్మినల్‌కి వస్తాయి. దేశంలోపలి విమానాలు చాలావరకు 1, 2, 3 టెర్మినళ్ల నుంచి వెళ్తాయి. అంటే మధ్యలో ట్రెయిన్ ఎక్కాలి, దిగాక మళ్లీ సెక్యూరిటీ క్యూలో నిలబడాలి. మీ అమ్మానాన్నలది మొదటి ప్రయాణం కాబట్టి వేలిముద్రలు, ఫోటో, నాలుగు ప్రశ్నలు ఉంటాయి. ఆ ప్రశ్నలకి తడబడకుండా జవాబు చెప్పడానికైనా వాళ్లకి కాస్త ఊపిరి తీసుకునే టైము కావాలి.

ఇంకొకటి. అక్కడ గేటు తలుపులు బయల్దేరే టైముకి సుమారు 15 నిమిషాల ముందే మూసేస్తారు. కాబట్టి 95 అన్నది అసలు 80. పెద్ద విమానంలో వెనక వరసల్లో కూర్చుంటే బయటపడేసరికే అందులో కొంత పోతుంది.

మూడోవరస:
నిదానం గారి లెక్క సరైనదే. కానీ ఆ లెక్కతో నేను మొదటి ఆప్షనే తీసుకుంటాను. మనం అందరం "95 నిమిషాల్లో అందుకుంటారా" అనే అడుగుతున్నాం. తప్పితే ఏమవుతుందో చూడండి. టికెట్ ఒకటే కాబట్టి తర్వాతి విమానంలో ఎక్కించే బాధ్యత కంపెనీదే. ఆ తర్వాతి విమానం ఏది? మీరు చెబుతున్న రెండో ఆప్షనే! మొదటిది బుక్ చేస్తే వాళ్లకి ఆ రోజు ఇంటికి చేరడానికి రెండు అవకాశాలు, రెండోది బుక్ చేస్తే ఒక్కటే. పెద్ద విమానం ఐదు గంటలు ఆలస్యమైతే ఎలాగూ రెండూ పోతాయి. గంట ఆలస్యమైతే రెండు దారుల్లోనూ రాత్రికి ఇల్లు చేరతారు. టైముకి వస్తే మాత్రం మొదటి దారిలో మూడు గంటలు ముందే మంచం మీద ఉంటారు. 15 గంటలు కూర్చుని వచ్చిన పెద్దవాళ్లకి ఆ మూడు గంటలు చిన్న విషయం కాదు.

గేటు37:
నేను కొన్నేళ్లు ఎయిర్‌పోర్టులో గ్రౌండ్ స్టాఫ్‌గా, ట్రాన్స్‌ఫర్ కౌంటర్‌లో పనిచేశాను. తమ్ముడుగారి మాట దగ్గర మొదలుపెడతాను, ఎందుకంటే కౌంటర్ దగ్గర ఎక్కువసార్లు విన్న మాట అదే: "మీరే కదా అమ్మారు."

టికెట్ సిస్టమ్ ప్రతి ఎయిర్‌పోర్టుకీ మినిమం కనెక్షన్ టైము అని ఒకటి పెట్టుకుంటుంది. ఏ టెర్మినల్ నుంచి ఏ టెర్మినల్‌కి, బయటి దేశం నుంచి లోపలికా, లోపలి నుంచి లోపలికా అన్నదాన్ని బట్టి అది మారుతుంది. చిన్నది, చక్కగా కట్టిన వియన్నాలో అది 25 నిమిషాలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 45. లండన్ హీత్రూలో 5వ టెర్మినల్‌లో దిగి అక్కడే ఎక్కితే 60. ఈ అంకె ఒక్కటే చెబుతుంది: విమానం టైముకి గేటు దగ్గర ఆగితే, క్యూలు మామూలుగా ఉంటే, మామూలు మనిషి మామూలుగా నడిస్తే సరిపోతుంది అని. మీ విమానం ఎంత తరచుగా ఆలస్యంగా వస్తుందన్నది ఆ అంకెలో లేదు. మీ అమ్మగారి మోకాళ్ల సంగతి అందులో అసలే లేదు.

దూరప్రయాణంలో ఆలస్యం తీరే వేరు. గంట విమానం ఆలస్యమైతే దాని వెనక ఇంకో విమానం ఉంటుంది. 15 గంటల విమానం రోజుకి ఒక్కటే. బయల్దేరేటప్పుడు గంట పోతే గాల్లో కొంతే తిరిగొస్తుంది. పడమటికి వెళ్తున్నప్పుడు ఎదురుగాలి బలంగా ఉంటే అదీ రాదు, చలికాలంలో ఆ పైగాలులు ఇంకా గట్టిగా వీస్తాయి. దిగాక గేటు ఖాళీ లేక రన్‌వే పక్కనే ఆగిపోవడం, దూరంగా ఆపి బస్సు ఎక్కించడం మామూలే. పెద్ద ఎయిర్‌పోర్టుల్లో దూరపు విమానాలు ఒకదాని వెనక ఒకటిగా గుంపుగా దిగుతాయి. మీకంటే పది నిమిషాల ముందు రెండు పెద్ద విమానాలు దిగాయంటే ఇమిగ్రేషన్ హాలు రూపమే మారిపోతుంది. ఆ పది నిమిషాల తేడా ఏ టైంటేబుల్‌లోనూ కనిపించదు.

ఇంత చెప్పాక, మూడోవరస గారు వేసిన ప్రశ్నే అసలు ప్రశ్న అని కూడా చెబుతాను. కౌంటర్‌లో మేము కూడా మొదట చూసేది అదే: దీని తర్వాత ఏముంది?

నిదానం:
తర్వాత ఏముందో చూద్దాం మరి. అక్కడ చిన్న ఊళ్లకి తిరిగేవి 50 నుంచి 76 సీట్ల విమానాలు. పెద్ద విమానం ఆలస్యమై మొదటి కనెక్షన్ తప్పితే అది మీ అమ్మానాన్నలకి మాత్రమే తప్పదు. అదే ఊరికి వెళ్లాల్సిన మిగతావాళ్లందరూ ఆ ఆఖరి విమానం మీదే పడతారు. అందులో సీట్లు అప్పటికే అమ్ముడుపోయి ఉంటాయి. రెండో ఆప్షన్ బుక్ చేసుకున్నవాళ్ల పేరు మీద సీటు ఉంటుంది. మొదటిది తప్పి వచ్చినవాళ్లు వెయిటింగ్‌లో ఉంటారు, వాళ్లలో ఒకరికి దొరికి ఇంకొకరికి దొరక్కపోవచ్చు కూడా. మీరు చెప్పే "రెండు అవకాశాలు" కాగితం మీదివి.

మూడోవరస:
నిజమే, సీట్లు నిండిపోయే రోజుల్లో నా వాదన బలహీనపడుతుంది. సెలవుల సీజన్‌లో అయితే నేనూ వెనక్కి తగ్గుతాను. కానీ మామూలు రోజుల్లో, విమానం ఆలస్యమవుతోందని కంపెనీకి అది దిగడానికి గంటల ముందే తెలుసు. చాలాసార్లు ప్రయాణికులు ఇంకా గాల్లో ఉండగానే సిస్టమ్ వాళ్లని తర్వాతి దాంట్లోకి మార్చేస్తుంది. కొన్ని కంపెనీలు చివరి విమానాన్ని కాసేపు ఆపుతాయి కూడా. యునైటెడ్ 2019లో దానికోసమే కనెక్షన్ సేవర్ అని ఒక సాఫ్ట్‌వేర్ మొదలుపెట్టింది. ఎవరు ఎంత దూరంలో ఉన్నారు, ఆపితే మిగతా షెడ్యూల్ పాడవుతుందా అని లెక్కవేసి ఆపుతుంది.

రెండుపెట్టెలు:
నేను వేరే దారి చెప్పనా? అసలు అమెరికాలో ఇమిగ్రేషన్ లేకుండా చూసుకోండి. అబూధాబీలో 2014 నుంచి అమెరికా వాళ్ల ఇమిగ్రేషన్, కస్టమ్స్ అక్కడే ఉన్నాయి. ఐర్లండ్‌లో డబ్లిన్, షానన్‌లలోనూ, కెనడాలో చాలా పెద్ద ఎయిర్‌పోర్టుల్లోనూ ఉన్నాయి. అక్కడ పూర్తి చేసుకుని ఎక్కితే షికాగోలో దిగేటప్పుడు లోపలి ప్రయాణికుల్లాగే బయటికి నడిచి వచ్చేస్తారు. ఆ తర్వాత 95 నిమిషాలంటే బోలెడు.

ఇంకో మాట, ఈ చర్చని తర్వాత చదివేవాళ్ల కోసం. డబ్బు మిగులుతుందని రెండు వేర్వేరు టికెట్లు కొని ఇలాంటి కనెక్షన్ పెట్టుకోవద్దు. మొదటిది ఆలస్యమైతే రెండో కంపెనీ దృష్టిలో మీరు రాలేదు, అంతే. ఆ టికెట్ పోతుంది, దాంట్లో తిరుగు ప్రయాణం ఉంటే సాధారణంగా అదీ పోతుంది. మధ్యలో మారే దేశంలో పెట్టెల కోసం బయటికి రావాల్సి వస్తే ఆ దేశపు వీసా కూడా కావాలి. వీసా లేదని మొదటి విమానమే ఎక్కనివ్వకపోవచ్చు.

గేటు37:
రెండుపెట్టెలు గారి చివరి మాటకి నూటికి నూరు మార్కులు. అబూధాబీ విషయంలో మాత్రం ఒకటి గమనించండి. క్యూ మాయమవ్వదు, అక్కడికి మారుతుంది. అబూధాబీలోనే విమానం మారేవాళ్లయితే అక్కడి కనెక్షన్ టైములోనే అమెరికా ఇమిగ్రేషన్ కూడా పట్టాలి. అక్కడ రెండు గంటలు పెట్టుకుని, షికాగోలో బోలెడు ఉందని మురిసిపోతే లాభం లేదు.

పడమటిదారి:
మీరందరూ అమెరికా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి ఇది. యూరప్‌లో ఒకచోట మారి అక్కడే ఇంకో ఊరికి వెళ్లేవాళ్లకి లెక్క మారుతుంది. షెంగెన్ దేశాల్లో, అంటే తమ మధ్య పాస్‌పోర్టు తనిఖీలు ఎత్తేసుకున్న యూరప్ దేశాల్లో, మొదట దిగిన చోట పాస్‌పోర్టు చూస్తారు గానీ పెట్టె చివరిదాకా దానంతట అదే వెళ్తుంది. అందుకే అక్కడ గంట కనెక్షన్లు అంత భయపెట్టేవి కావు. అయితే 2025 అక్టోబర్ 12 నుంచి కొత్త ఎంట్రీ ఎగ్జిట్ పద్ధతి మొదలైంది, బయటి దేశాలవాళ్లకి మొదటిసారి వేలిముద్రలు, ఫోటో తీసుకుంటున్నారు. పాత అనుభవంతో "అక్కడ ఇరవై నిమిషాలు చాలు" అని చెప్పేవాళ్ల మాట ఇప్పుడు నమ్మకండి.

చట్టం కూడా వేరు. యూరప్ నుంచి బయల్దేరే విమానాలకి, యూరప్ కంపెనీల్లో అక్కడికి వచ్చేవాటికి 261 నిబంధన ఉంది. ఒకే బుకింగ్‌లో కనెక్షన్ తప్పి చివరి ఊరికి మూడు గంటలకి మించి ఆలస్యంగా చేరితే, కారణం వాతావరణం లాంటిది కాకపోతే, 3,500 కిలోమీటర్లు దాటిన ప్రయాణాలకి మనిషికి 600 యూరోల దాకా రావాలి. అమెరికాలో ఆలస్యానికి అలాంటి పరిహారం చట్టంలో లేదు. తమ తప్పువల్ల రాత్రి ఉండాల్సి వస్తే హోటల్ ఇస్తామని పెద్ద కంపెనీలు చాలావరకు రాసిచ్చాయి. వాతావరణం వల్ల అయితే మీ ఖర్చు మీదే. కాబట్టి తప్పితే ఏమవుతుంది అన్నదానికి జవాబు దేశాన్ని బట్టి కూడా ఉంటుంది.

సముద్రపుగాలి:
అందరికీ ధన్యవాదాలు. మూడోవరస గారి వాదన విని నిజంగానే ఊగాను. రాత్రి కూర్చుని ఆ ఆఖరి విమానం చూశాను, 76 సీట్లది. సీట్ మ్యాప్‌లో పది, పన్నెండే ఖాళీగా కనిపిస్తున్నాయి. ప్రయాణానికి ఇంకా రెండు నెలలుంది.

ఇంకో సందేహం. అమ్మకి వీల్‌చెయిర్ అడిగితే క్యూలు తప్పుతాయి, అప్పుడు 95 చాలు అంటున్నాడు తమ్ముడు. నిజమేనా?

గేటు37:
సీట్ మ్యాప్‌ని పూర్తిగా నమ్మకండి. సీటు ఎంచుకోనివాళ్లు అందులో కనిపించరు. రెండు నెలల ముందే అంత నిండిందంటే ఆ రోజుకి కిక్కిరిసి ఉంటుందనే అనుకోవాలి.

వీల్‌చెయిర్ తప్పకుండా అడగండి. దాన్ని టైము మిగుల్చుకోవడానికి మాత్రం లెక్కపెట్టకండి. 1986 నాటి చట్టం ప్రకారం అమెరికాలో అది ఉచితం, కనెక్షన్ గేటుదాకా తీసుకెళ్లడం కంపెనీ బాధ్యత. కానీ వీల్‌చెయిర్ ప్రయాణికుల్ని సాధారణంగా అందరూ దిగాక దించుతారు. ఒకే విమానంలో పాతికమంది అడిగితే కుర్చీలు, తోసేవాళ్లు వచ్చేదాకా తలుపు దగ్గరే ఎదురుచూడాలి. ఇమిగ్రేషన్‌లో పక్క క్యూ చాలాచోట్ల దొరుకుతుంది, ప్రతిసారీ కాదు. పోయినంత టైము అక్కడ తిరిగొచ్చిందనుకోవచ్చు, అంతకన్నా ఆశించకూడదు.

వీల్‌చెయిర్ వల్ల అసలు లాభం వేరు. తోసే మనిషికి దారి తెలుసు. ఏ బెల్టు, పెట్టెలు ఎక్కడ అప్పగించాలి, ట్రెయిన్ ఎటు అని మీ నాన్నగారు ఎవరినీ అడగక్కర్లేదు. బుక్ చేసేటప్పుడు మెట్లు ఎక్కగలరా, సీటుదాకా నడవగలరా అని అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి, దాన్నిబట్టే ఏర్పాటు చేస్తారు.

నిదానం:
మందులు, వీసా కాగితాలు, మీ అడ్రసు, ఫోన్ నంబరు రాసిన కాగితం చేతి బ్యాగులో ఉండాలి. ఏ ఆప్షన్ తీసుకున్నా ఒక రాత్రికి సరిపడా మందులు, ఒక జత బట్టలు కూడా అందులోనే. అక్కడ వైఫై దొరికినా లాగిన్ అవ్వడం వాళ్లకి కష్టం, అందుకని ఫోన్‌లో రోమింగ్ ముందే పెట్టించండి.

సముద్రపుగాలి:
రెండోదే బుక్ చేశాను. మామూలు రోజయితే, నేను ఒక్కణ్ణే అయితే మొదటిదే తీసుకునేవాణ్ణి. సీట్లు నిండిన ఆఖరి విమానం కోసం అమ్మానాన్నలు కౌంటర్ ముందు నిలబడి పేరు పిలుస్తారా అని చూడటం నాకు ఇష్టం లేదు. తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు.

మూడోవరస:
మీ అమ్మానాన్నలు, మీ నిర్ణయం. నేనైతే ఇప్పటికీ మొదటిదే తీసుకునేవాణ్ణి, ఖాళీ సీట్ల సంగతి మాత్రం నేను మొదట్లోనే అడిగి ఉండాల్సిన ప్రశ్న అని ఒప్పుకుంటున్నాను.

తమ్ముడుగారికి ఒక పని అప్పగించండి. ఆ రోజు విమానాన్ని ఫోన్‌లో ట్రాక్ చేస్తూ ఉండమనండి. అది ముందుగా దిగి, క్యూలు ఖాళీగా ఉంటే, మొదటి ఆప్షన్ విమానంలో సీట్లు మిగిలి ఉంటే మార్చమని అడగొచ్చు. కొన్ని కంపెనీలు అదే రోజు ముందు విమానానికి డబ్బు తీసుకోకుండానే మారుస్తాయి. కానీ అది పెట్టెలు మళ్లీ అప్పగించే కౌంటర్ దగ్గరే, అవి బెల్టు మీద పడకముందే అడగాలి. ఒకసారి వెళ్లిపోతే పెట్టెలు పాత ట్యాగ్ ప్రకారం ఆఖరి విమానంలోనే వస్తాయి, మీరు రాత్రి మళ్లీ ఎయిర్‌పోర్టుకి వెళ్లాల్సి వస్తుంది.