పత్తి వచ్చే దారిలో వెట్టి ఉందో లేదో ఎట్లా కనుక్కోవాలి?

ప్రశ్న (కొనుగోళ్ల ఉద్యోగిని, నాగర్‌కర్నూల్):
హైదరాబాద్‌లో బట్టలు అమ్మే కంపెనీలో పనిచేస్తున్నా. మాకు సరుకు వచ్చే దారిలో ఎక్కడైనా బలవంతపు పని జరిగే రిస్క్ ఉందేమో చూసి రిపోర్టు ఇమ్మన్నారు. కుట్టు ఫ్యాక్టరీల్లో జీతాల రిజిస్టర్లు సరిగ్గానే ఉన్నాయి. కానీ అంతకు వెనక ఉన్న స్పిన్నింగ్ (నూలు వడికే), జిన్నింగ్ (పత్తి నుంచి గింజ తీసే) మిల్లులు, చేల దాకా ఎవరూ పోలేదు. 'రిస్క్ తక్కువ' అని రాయడానికి మనసొప్పడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు (సీడ్ పత్తి రైతు, గట్టు మండలం):
అట్లా రాయకు తల్లీ. మా గద్వాల వైపు సీడ్ పత్తి, అంటే హైబ్రిడ్ విత్తనం కోసం పండించే పత్తి, చూడు. గింజ విత్తన కంపెనీకి పోతుంది, దూది మిల్లుకు పోతుంది. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దాలి. ఒక్క పూట తప్పినా ఆ పూవు దండగే. అందుకే సీజన్ రాకముందే అడ్వాన్సులిచ్చి కూలీలను కట్టేసుకుంటారు. విత్తన కంపెనీకీ రైతుకీ మధ్యనుండే ఆర్గనైజర్ రైతుకిస్తాడు, రైతు మేస్త్రీకి, మేస్త్రీ ఇంటి పెద్దకు. ఆ బాకీ తీర్చేది మాత్రం బడి మానేసిన ఆడపిల్ల. ఇది ఏ రిజిస్టర్‌లోనూ కనపడదు.

నువ్వు అడగాల్సింది జీతం ఎంతని కాదు. అడ్వాన్స్ ఎవరిచ్చారు, ఇప్పటిదాకా ఎంత కోసుకున్నారు, ఎంత మిగిలింది, ఆ లెక్క కూలీ చేతిలో ఉందా? మధ్యలో మానేస్తే ఏం చేస్తారు? ఇవి చేనులో, మేస్త్రీ ముందు అడిగితే నోరు విప్పరు. రాత్రి వాళ్ల ఇళ్ల దగ్గర అడుగు, ఆడవాళ్లతో ఆడవాళ్లే మాట్లాడాలి.

ఇంకో మాట. మీ కంపెనీ ఇచ్చే రేటులో కనీస కూలీ గిట్టుతుందా? గిట్టకపోతే ఆ భారం కిందికే దిగుతుంది. అది కూడా రిపోర్టులో రాయి.

జవాబు (వకీలు, నల్గొండ):
కూలీని గొలుసులతో కట్టేస్తేనే వెట్టి అనుకోవద్దు. 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడలు) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు కనీస వేతనం కంటే తక్కువిచ్చి చేయించుకునే పని కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు పనేనని చెప్పింది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం ఆ బాకీ రద్దవుతుంది. అట్లాంటిది బయటపడితే కలెక్టర్‌కో ఆర్డీవోకో రాతపూర్వకంగా ఇవ్వండి, కూలీకి వెట్టి నుంచి విముక్తి అయిందని ఇచ్చే విడుదల పత్రం వచ్చేదాకా వెంటపడండి. ఆ సప్లయర్‌తో వ్యాపారం మానేసి ఊరుకోవద్దు. అట్లా చేస్తే కూలీలు పని పోగొట్టుకుని, బాకీతోనే ఇంకో మేస్త్రీ చేతిలో పడతారు.

ప్రశ్న అడిగినామె:
మా తనిఖీ ప్రశ్నల ఫారంలో అడ్వాన్స్ ఊసే లేదు. ఇవాళే కలుపుతున్నా. పెద్దాయనా, మీ దగ్గరికి ఎప్పుడు రమ్మంటారు?

సీడ్ పత్తి రైతు:
ఆగస్టు, సెప్టెంబర్‌లో రా. అప్పుడు క్రాసింగ్, అంటే పుప్పొడి అద్దే పని, జోరుమీద ఉంటుంది. రిపోర్టుకు గడువు అంతకుముందే ఉంటే, గడువు పెంచమని మీ సార్లను అడుగు.