సాయంత్రం అయ్యేసరికి నెట్ కట్ అయిపోతోంది, వెనక గదిలో వైఫై రాదు, కొత్త రౌటర్ కొనాలా?

పెరటిమల్లె, పర్లాకిమిడి:
నమస్తే అందరికీ. మాది పర్లాకిమిడిలో పాత ఇల్లు, మా వైపు ఇళ్ళు తెలుసు కదా, వీధి వాకిలి నుంచి పెరడు దాకా ఒకే వరసలో గదులు, పాతకాలం మట్టి గోడలు, ఒక్కోటి మూరెడు మందం. ఫైబర్ కనెక్షన్ పెట్టించి ఏడాదిన్నర అయింది, 100 ఎంబీపీఎస్ ప్లాన్, వాళ్ళిచ్చిన వైఫై బాక్స్ వీధి గదిలో టీవీ పక్కన ఉంది. నేను విశాఖలో ఒక కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తున్నాను. అత్త గారికి కాలు విరిగి మంచం మీద ఉన్నారు, అందుకని ఆవిడ ఉన్న వెనక గదిలోనే కూర్చుని చేసుకోవాలి, అక్కడేమో స్పీడ్ 3, 4 కంటే రాదు. ఇది ఒకటి. రెండోది, సాయంత్రం ఆరున్నర ఏడు మధ్యలో మొత్తం నెట్టే పోతుంది, బాక్స్ మీద ఎర్ర లైటు కనిపిస్తుంది, రెండు మూడు నిమిషాలకి మళ్ళీ వస్తుంది, కొన్ని రోజులు నాలుగైదు సార్లు. సరిగ్గా అదే టైముకి మా టీమ్ కాల్ ఉంటుంది. మా మేనేజర్ మంచాయనే, కానీ ఇలాగే ఉంటే ఆఫీసుకి వచ్చీమన్నారు, అత్త గారిని వదిలి ఎలా వెళ్తాను చెప్పండి. కంప్లయింట్ పెడితే ఫోన్లోనే రీస్టార్ట్ చేయించి క్లోజ్ చేసేస్తున్నారు, రెండు సార్లు అలాగే అయింది. తమ్ముడు 6000 పెట్టి కొత్త రౌటర్ కొనమంటున్నాడు. కొంటే బాగవుతుందా? డబ్బులు పెట్టాక కూడా ఇలాగే ఉంటే చాలా బాధగా ఉంటుంది.

నాగావళి_ఒడ్డు, రాయగడ:
అక్కా, ఇప్పుడే ఏమీ కొనకండి. మీరు చెప్పినవి రెండూ వేరు వేరు జబ్బులు, రెండింటికీ ఒకే మందు వెయ్యాలని చూస్తే డబ్బులు పోతాయి. ముందు తప్పు ఎక్కడుందో తేల్చుకోండి, బయట లైన్‌లోనా, బాక్స్‌లోనా, లేక బాక్స్ నుంచి మీ లాప్‌టాప్‌కి వచ్చే గాలిలోనా.

లాప్‌టాప్ తీసుకెళ్ళి బాక్స్‌కి లాన్ కేబుల్ పెట్టి స్పీడ్ చూడండి. 90 పైన వచ్చిందంటే లైన్ బాగానే ఉంది, వెనక గదిలో 4 వస్తోందంటే అది వైఫై కష్టం. తర్వాత వెనక గదిలో కూర్చుని కమాండ్ ప్రాంప్ట్ రెండు విండోలు తెరిచి, ఒకదాంట్లో బాక్స్ అడ్రస్‌కి పింగ్ (అవతలిది పలుకుతోందా అని చూసే ఆదేశం) పెట్టండి, మామూలుగా 192.168.1.1 ఉంటుంది, బాక్స్ కింద స్టిక్కర్ మీద రాసి ఉంటుంది చూడండి. రెండో దాంట్లో 8.8.8.8 కి పెట్టండి, అది బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ అడ్రస్. రెండూ ఆగకుండా నడవనీయండి. నెట్ పోయినప్పుడు మొదటిది బాగానే పలుకుతూ రెండోది ఆగిపోతే తప్పు బయట ఉన్నట్టు. మొదటిదే ఆగిపోతే వైఫైలోనో బాక్స్‌లోనో. ఈ ఒక్క పరీక్ష చేసి చూపిస్తే లైన్‌మేన్ కూడా ఇంక వాదించడు.

మట్టి గోడల సంగతి, 5 గిగాహెర్ట్జ్ వైఫై రెండు గోడలు దాటగానే నీరసించిపోతుంది, 2.4 కాస్త దూరం వెళ్తుంది గానీ స్పీడ్ తక్కువ, పక్కింటి వాళ్ళ వైఫైలు అన్నీ అందులోనే ఉంటాయి. ఛానల్ 1, 6, 11 లో ఏది ఖాళీగా ఉంటే అది పెట్టుకోవచ్చు. అయినా నాలుగు గోడల అవతలికి పెద్ద మార్పు రాదు అక్కా, ఉన్న మాట చెప్తున్నాను.

కొండగాలి, కోరాపుట్:
డీఎన్‌ఎస్ (వెబ్‌సైటు పేరుకి అడ్రస్ వెతికిపెట్టేది) మార్చండి మేడమ్, 1.1.1.1 పెట్టండి, నాకు అలాగే సెట్ అయింది. కాకపోతే బాక్స్ వెనక సన్న రంధ్రంలో పిన్ను పెట్టి ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యండి.

తీగలపని, బరంపురం:
కొండగాలి తమ్ముడూ, నువ్వు మంచికే చెప్పావు గానీ ఆ రీసెట్ మాత్రం వద్దు. చాలా బాక్సుల్లో కనెక్షన్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వీలాన్ నంబర్ (కంపెనీ వాళ్ళ లైన్ సెట్టింగు) అన్నీ లోపలే పెట్టి ఉంటాయి, రీసెట్ కొడితే అవన్నీ పోయి, మళ్ళీ వాళ్ళు వచ్చి పెట్టేదాకా నెట్టే ఉండదు. డీఎన్‌ఎస్ మారిస్తే పేజీ తెరుచుకోవడం కాస్త త్వరగా అవ్వచ్చు, లైన్ తెగిపోయేదాన్ని అది ఆపలేదు.

చెల్లెమ్మా, నేను తొమ్మిదేళ్ళ నుంచి ఫైబర్ జాయింట్ల పనే చేస్తున్నాను. నువ్వు రాసింది చదివితే నాకు ఒక అనుమానం. ఎర్ర లైటు అంటున్నావు, అప్పుడు పవర్ లైటు వెలుగుతూనే ఉంటుందా, లేక లైట్లన్నీ ఒక్కసారి ఆరిపోయి మళ్ళీ వెలుగుతూ మధ్యలో ఎర్రది కనిపిస్తోందా? ఇది జాగ్రత్తగా చూడు. పవర్ ఉండి ఎర్రది మాత్రమే వస్తే, నెట్ మోసుకొచ్చే వెలుతురు ఫైబర్‌లో అందట్లేదు. అన్నీ ఆరి వెలుగుతుంటే బాక్స్ రీస్టార్ట్ అవుతోంది, అది కరెంటు కథ.

వెలుతురు కూడా నువ్వే కొలవచ్చు. బ్రౌజర్‌లో బాక్స్ అడ్రస్ కొట్టి ఆ పేజీలోకి వెళ్తే స్టేటస్ దగ్గర ఆర్‌ఎక్స్ పవర్ అని, అంటే బాక్స్‌కి అందే వెలుతురు, డీబీఎం అనే కొలతలో చూపిస్తుంది. మైనస్ 15 నుంచి 24 లోపు ఉంటే నిశ్చింత. మైనస్ 27 దాటి ఇంకా కిందికి పోతే మామూలు బాక్సు తట్టుకోలేదు, అంచున ఊగుతూ ఉంటుంది, వానొచ్చినా గాలేసినా పోతుంది. ప్రతి 3 డీబీకి వెలుతురు సగం అయిపోతుంది, కాబట్టి 18 కి 27 కి తేడా చిన్నది కాదు, ఎనిమిదో వంతే మిగిలినట్టు. తీగ ఎక్కడో మడత పడినా, కిటికీ రెక్కలో నలిగినా, ఆకుపచ్చ కనెక్టర్ మొహాన దుమ్ము పట్టినా ఇలా పడిపోతుంది. ఆకుపచ్చది ఏటవాలుగా కోసి ఉంటుంది, దాన్ని నీలం దానికి కలిపినా అంతే. ఇంకో మాట, కనెక్టర్ ఊడదీసి లోపల వెలుతురు వస్తోందా అని కంటితో మాత్రం చూడొద్దు, అది కంటికి కనపడదు గానీ కంటిని పాడు చెయ్యొచ్చు. పిల్లలుంటే వాళ్ళకీ చెప్పు.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు మీ గజపతి జిల్లాలో స్తంభాలు చాలా పడిపోయాయి కదా, ఆ తర్వాత హడావిడిగా లాగిన తీగలు, టేపు చుట్టేసిన జాయింట్లు నేను చాలా చూశాను, నీళ్ళు చేరినవి అయితే లెక్కలేదు.

వంశధార, గుణుపురం:
అమ్మా, ఆరున్నరకి మీ ఇంట్లో గానీ పక్కింట్లో గానీ నీళ్ళ మోటారు వేస్తారా? మా ఇంట్లో అచ్చం ఇదే. మోటారు వేసిన క్షణం వోల్టేజి జారేది, బాక్స్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు పాతదై ప్లగ్గు వదులుగా ఉండేది, బాక్స్ ఆరి వెలిగేది. అడాప్టర్ కూడా చూడండి, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే దాని పని అయిపోయినట్టే. కొత్తది కొంటే దాని మీద వోల్టు సరిగ్గా అంతే ఉండాలి, 12 అంటే 12, ఆంపియర్ మాత్రం అంతకి తగ్గకుండా ఉంటే చాలు. మీకు ఆఫీసు పని కాబట్టి 12 వోల్టుల చిన్న యూపీఎస్ పెట్టుకోండి, కరెంటు పోయినా రెండు మూడు గంటలు బాక్స్ నడుస్తుంది, 6000 రౌటర్ కంటే అదే నయం.

పెరటిమల్లె, పర్లాకిమిడి:
నాలుగు రోజులు పట్టింది, అన్నీ చేసి రాస్తున్నాను. లాన్ కేబుల్ పెడితే 94 వచ్చింది, నమ్మలేకపోయాను, ఏడాదిన్నర నుంచి అంత ఉందని తెలీదు. వంశధార గారు, మీరన్నట్టే, మామయ్య గారు రోజూ సంధ్య దీపం పెట్టే ముందు మోటారు వేస్తారు. నిన్న బాక్స్ ముందే నిలబడి వెయ్యమన్నాను, లైట్లన్నీ ఆరి వెలిగాయి! ప్లగ్గు బోర్డులోంచి తీసి గోడ సాకెట్‌లో పెట్టాం, అప్పట్నుంచి పోలేదు.

బరంపురం అన్నా, ఆర్‌ఎక్స్ పవర్ మైనస్ 26.8 చూపించింది. ఫోటో తీసి కంప్లయింట్‌కి పెట్టి డాకెట్ నంబర్ (ఫిర్యాదు నంబర్) తీసుకున్నాను. ఈసారి మనిషి వచ్చాడు, ముందు ఒడియాలో మొదలుపెట్టి మా అత్త గారి మాట విని తెలుగులోకి వచ్చీశాడు, మంచి పిల్లాడు. వీధి కిటికీ రెక్క మధ్యన తీగ నలిగిపోయి ఉంది, రోజూ మేమే ఆ కిటికీ గట్టిగా వేస్తున్నాం. నలిగిన ముక్క కోసి కొత్త కనెక్టర్ పెట్టాడు, ఇప్పుడు మైనస్ 20.3. వాన పడితే రోజంతా పోయేది, అది దీని వల్లేనేమో.

వెనక గది మాత్రం అలాగే ఉంది. ఇంట్లో పాత రౌటర్ ఒకటి ఉంది, అది పనికొస్తుందా?

నాగావళి_ఒడ్డు, రాయగడ:
బ్రహ్మాండంగా పనికొస్తుంది అక్కా. వీధి గది నుంచి వెనక గదికి క్యాట్6 అనే రకం లాన్ కేబుల్ లాగించండి, 100 మీటర్ల దాకా స్పీడ్ తగ్గదు, మీ ఇంటికి 25 చాలు, దూలాల పక్క నుంచి క్లిప్పులు కొట్టుకుంటూ తీసుకెళ్ళొచ్చు, గోడలు తవ్వక్కర్లేదు. కేబుల్ కొనేటప్పుడు రాగిదే అడగండి, అల్యూమినియం మీద రాగి పూత వేసినవి చవగ్గా ఇస్తారు, వాటి కొసలు త్వరగా విరగొచ్చు. పాత రౌటర్‌లో మొదట అడ్రస్ 192.168.1.2 కి మార్చి, డీహెచ్‌సీపీ (ఫోన్లకి, లాప్‌టాప్‌లకి అడ్రస్‌లు పంచే సెట్టింగు) ఆపేసి, వైఫై పేరు పాస్‌వర్డ్ ముందు గదిలో ఉన్నవే పెట్టండి, ఛానల్ మాత్రం వేరేది. కేబుల్‌ని వాన్ అని రాసిన దాంట్లో కాదు, పక్కనున్న లాన్ పోర్టుల్లో ఒకదాంట్లో పెట్టండి. ఇక్కడే చాలామంది తప్పు చేసి రౌటర్ పోయింది అనుకుంటారు.

పెరటిమల్లె, పర్లాకిమిడి:
ఆదివారం లాగించాం. కేబుల్, క్లిప్పులు, మనిషి కూలీ కలిపి 1400 అయింది. మొదట వాన్‌లోనే పెట్టాను, మీరు రాసింది మళ్ళీ చదివి మార్చాను. వెనక గదిలో ఇప్పుడు 88 వస్తోంది. ఈ సాయంత్రం మోటారు నడుస్తుండగానే అత్త గారి మంచం పక్కన కూర్చుని 50 నిమిషాలు కాల్ మాట్లాడాను, ఒక్కసారి కూడా ఆగలేదు. మీ అందరికీ చేతులెత్తి దణ్ణం.