చెర్రీ రొయ్యలున్న చిన్న అక్వేరియం ట్యాంకులో ఏ మొక్కలు వేయాలి?

అందరికీ నమస్తే, మాది కూకట్‌పల్లి. 40 లీటర్ల ట్యాంకులో 6 గప్పీ చేపలు, 10 చెర్రీ రొయ్యలు ఉన్నాయి. పోసేది బోరు నీళ్లే, అద్దం అంచున తెల్లటి చారలు కట్టేంత ఉప్పదనం. మొక్కలకు కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ పెట్టలేదు, మామూలు ఎల్‌ఈడీ లైటు. మొదట కొన్న అనూబియాస్ మొక్కని తెలియక దుంపతో సహా ఇసుకలో పాతేశాను, మెత్తబడి కుళ్లిపోయింది, చాలా బాధేసింది. ఈసారి కొత్తది తెచ్చి దారంతో రాయికి కట్టి, పిల్ల రొయ్యలు దాక్కోవడానికి జావా మాస్ (ఒక రకం నాచు) కూడా వేద్దామనుకుంటున్నా. మే ఎండల్లో ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలు దాటుతాయి, మాస్ తట్టుకుంటుందా, లేక వాలిస్నేరియా, హార్న్‌వర్ట్ లాంటి నీటి మొక్కలు నయమా? ఇంకోటి, షాపు మొక్కలకు పురుగుమందు అంటుకుని ఉంటే రొయ్యలు చచ్చిపోతాయి కదా, మీరు ఎన్ని రోజులు విడిగా బకెట్లో ఉంచి, ఎన్నిసార్లు నీళ్లు మార్చి వేస్తున్నారు? నిన్ననే ఒక రొయ్య కడుపు కింద పసుపుపచ్చ గుడ్లు కనిపించాయి, అందుకే ఈ టెన్షన్. అనుభవం ఉన్నవాళ్లు కాస్త చెప్పండి ప్లీజ్.